గ్రౌండ్ డ్యూటీ ఎవరిది

17 అక్టోబర్, గురువారం

హైదరాబాద్ ట్రైనింగ్ నుంచి వచ్చినంక మొదటి స్టాఫ్ మీటింగ్ ఇయ్యాల పెట్టిన. పొద్దుగాల చాయ్ గూడ తాగబుద్ధి కాలే. ఇన్నేండ్లు సోషల్ పాఠం చెప్పిన, క్లాసుల ఎన్నడు నోరు తడబడలే. హెచ్ఎం రూముల గీ తొమ్మిది మంది ముంగట కూసుంటే మాత్రం కాయిదం చూడంది మాట రాదు. ప్రమోషన్ మీద వచ్చి రెండు నెలలాయె, ఇంకా గంతే.

పెద్ద బల్లను గోడకు జరిపిచ్చి కుర్చీలన్ని గుండ్రంగ ఏయిచ్చిన. తువ్వాల కప్పిన హెచ్ఎం కుర్చీని మూలకు పెట్టిచ్చిన. నేను గూడ ప్లాస్టిక్ కుర్చీలనే కూసున్న. మ్యాథ్స్ విజేందర్ సారు గడపల నిలబడి చూసి "ఏంది మేడం, దావత్ ఉన్నట్టుంది, విస్తర్లు ఏయాల్నా?" అన్నడు. అందరు నవ్విన్రు. నేను గూడ నవ్విన. ఆయన ఈ బడిల పదేండ్ల పైనుంచి ఉన్నడు, ఊరంత ఆయనకు ఎరుకే. ఆయన నవ్వితే మంచికో చెడ్డకో నాకు తెలుస్తలేదు.

ట్రైనింగుల చెప్పిందంత చెప్పిన. బడి ఒక్క మనిషితోటి నడవదు, నాయకత్వం పంచుకోవాలె. పనికొక కమిటీ, కమిటీకొక ఇంచార్జి. ఇంచార్జి ఏదంటే అదే ఫైనల్, హెచ్ఎం మధ్యల ఏలు పెట్టది. మధ్యాహ్న భోజనం, లైబ్రరీ, టెన్త్ స్పెషల్ క్లాసులు, అన్నిటికి మనుషులు దొరికిన్రు. గ్రౌండ్ దగ్గరికొచ్చేసరికి అందరు కింద చూసుడు. విజేందర్ సారు "నాకు బీపీ మేడం, ఎండల నిలబడనీకి కాదు" అన్నడు. మంజులత మేడానికి మోకాళ్ల నొప్పులు. ఆఖరికి నవనీత చెయ్యి లేపింది. కొత్త డీఎస్సీల బయాలజీకి వచ్చిన పిల్ల. జాయినై ఇంకా పుస్తకాలకు అట్టలు గూడ ఏసుకోలే. "నేను చూస్కుంట మేడం" అన్నది. అందరితోటి చప్పట్లు కొట్టిచ్చిన.

మంచిగనే అయింది మీటింగ్. ఉత్తగనే భయపడ్డ.

28 అక్టోబర్, సోమవారం

గ్రౌండ్ అంటే అందరు కింద ఎందుకు చూసిన్రో ఇయ్యాల తెలిసింది. వరికోతలు మొదలైనయి. ఈ ఊర్ల ఏటేట వడ్లు బడి గ్రౌండ్ల ఆరబోస్తరట.

దశరథ్ అని, సర్కారు వడ్లు కొనే సెంటర్ నడిపిచ్చేటాయన వచ్చిండు. సెంటర్ మహిళా సంఘం పేరు మీద ఉంటది, ఆయన భార్య సంఘానికి పెద్ద, పని మాత్రం అంత ఆయనదే. మనిషి ఎత్తు, మీసాలు, తెల్లంగి. రూముల కాలు పెట్టంగనే నేను లేచి నిలబడ్డ. ఎందుకు లేచిన్నో నాకే తెల్వది. కూసొమ్మంటే కూసోలే. నా ముంగట కూసోనీకి నామోషీ ఏమో అనుకున్న.

"వడ్లు పోసుకుంటం మేడం, కొన్ని దినాలు."

ట్రైనింగుల చెప్పింది మతికొచ్చింది. "గ్రౌండ్ కమిటీ ఉన్నదండి. నవనీత మేడం ఇంచార్జి. ఆమె ఎట్లంటే అట్ల" అన్న.

ఆయన నా మొఖం దిక్కు చూసిండు. "మీకైతే ఏం అభ్యంతరం లేదు గద?"

"నాదేముంది, అంత కమిటీయే."

పోయిండు. ఎంత అల్కగ అయిపోయిందో. పెత్తనం నెత్తిన పెట్టుకోకుంటే మనిషికి ఎంత తేలిక! నేనుండే కొల్లాపూర్ వచ్చేదాక ఆటోల గదే అనుకుంట వచ్చిన.

4 నవంబర్, సోమవారం

నవనీత వచ్చింది. పిల్ల మొఖం ఎర్రగ కందిపోయింది.

"సగం జాగా ఇస్తమన్న మేడం. వాళ్లు మొత్తం పోసిన్రు. ట్రాక్టర్లు ఇంటర్వెల్ టైముల గూడ తిరుగుతున్నయి. పిల్లలు అటుకెళ్లి నల్లా కాడికి పోతరు గద. నేను చెప్తే 'పెద్ద మేడం తోటి మాట్లాడినం' అంటున్నరు. మీరు జర ఒక్క మాట చెప్పున్రి."

నేనన్న, "నవనీతా, నువ్వు ఇంచార్జివి. నేనొచ్చి చెప్తే నీ విలువ ఏముంటది? నువ్వే మాట్లాడాలె. నీ మీద నాకు నమ్మకం ఉన్నది."

"సరే మేడం" అని పోయింది.

ట్రైనింగుల సారు ఏం చెప్పిండు? కింది వాళ్ల కష్టాన్ని ఊకె మీరే తీరిస్తే వాళ్లు ఎన్నటికి ఎదగరు అన్నడు. నేను రాసుకున్న గూడ. ఆ పిల్లకు ఇది మంచి అనుభవం. దశరథ్ అంటే నాకేం భయం లేదు. ఊకెనే రాస్తున్న.

6 నవంబర్

వడ్లు ఇంక ఉన్నయి. మిల్లు నుంచి లారీలు వస్తలేవట.

9 నవంబర్, రెండో శనివారం

నల్గొండల ఇంటికొచ్చిన. దేవరకొండ మీదికెళ్లి వచ్చేసరికి నడుములు పోయినయి. తింటుంటె మా ఆయన కృష్ణకాంత్ కు చెప్పిన, వడ్లు, ట్రాక్టర్లు, నవనీత సంగతి. ఆయన కంచంల చెయ్యి ఆపి "నువ్వేం నడుమ పడకు. ప్రమోషన్ వచ్చి ఎన్ని దినాలైంది? ఊరోళ్ల తోటి లొల్లి పెట్టుకుంటే నీ కులం పేరు తీసేదాక ఊకోరు. ఇంచార్జి ఉన్నది గద, ఆమె చూస్కుంటది" అన్నడు.

ఆలేరుకు ఫోన్ చేస్తే అమ్మ గూడ గదే. మా నాయిన జీతమున్న దొర ఇంటి ముంగటికెళ్లి పోవాలంటే అమ్మ చెప్పులు చేతుల పట్టుకునేది. నేను చూసిన, నాకప్పుడు ఆరేడేండ్లుంటయి. "పెద్దోళ్లకు అడ్డం మాట్లాడకు బిడ్డా" అనుకుంటనే నన్ను సాదింది.

దానికి దీనికి సంబంధం లేదు. నాది పద్ధతి ప్రకారం చేస్తున్న పని. భయం వేరు, పద్ధతి వేరు.

14 నవంబర్, గురువారం

పిల్లల దినం. బడిని ఇయ్యాల పిల్లలే నడిపిన్రు. చీరలు కట్టుకోని, అద్దాలు పెట్టుకోని ఒక్కొక్కరు పాఠాలు చెప్తుంటె నవ్వలేక సచ్చినం. టెన్త్ మల్లిక హెచ్ఎం. నా లెక్కనే జడను ముడేసుకోని, హ్యాండ్ బ్యాగు చంకల పెట్టుకోని, నడక గూడ నాదే దింపేసింది గాడిద!

మధ్యాహ్నం స్టేజి మీద చిన్న నాటకం ఏసిన్రు. ఒక పిల్లగాడొచ్చి "మేడం, నల్లాల నీళ్లు వస్తలేవు" అన్నడు. మల్లిక అద్దాలు సర్దుకోని "కమిటీకి చెప్పు. నీ మీద నాకు నమ్మకం ఉన్నది" అన్నది. ఇంకొకడు "మేడం, సైన్స్ రూముల పాము" అన్నడు. "కమిటీకి చెప్పు. నీ మీద నాకు నమ్మకం ఉన్నది." మూడో వాడు ఉర్కొచ్చి "మేడం, పాము కమిటీని కరిచింది!" అన్నడు.

బడంత ఒకటే నవ్వు. విజేందర్ సారుకైతే కండ్లల్ల నీళ్లొచ్చినయి. నేను గూడ గట్టిగ నవ్విన, అందరికన్న ఎక్కువ నవ్విన. నవనీత నవ్వలే.

తర్వాత మల్లికను పిలిచి పెన్ను బహుమతి ఇచ్చిన. "కోపమొచ్చిందా మేడం?" అన్నది. "ఎందుకొస్తదే" అన్న. కూలికి పోయే సైదమ్మ బిడ్డ. లెక్కల్ల ఫస్ట్. ట్రిపుల్ ఐటీల సీటొస్తదని విజేందర్ సారు పందెం కడ్తడు.

16 నవంబర్, శనివారం

నవనీత మళ్ల వచ్చింది. నిన్న సెలవు గద, ఆమె నిన్న పోయి దశరథ్ ఇంటి కాడ గూడ మాట్లాడిందట. ఆయన "సరే సరే" అన్నడట, ఏం మారలే. "ఎవలకన్న దెబ్బ తగుల్తది మేడం, నాకు నిద్ర పడ్తలేదు" అన్నది.

నాకు చిరాకు లేసింది. "ప్రతి దానికి గిట్ల నా దగ్గరికి ఉర్కొస్తే రేపు నీ ప్రొబేషన్ రిపోర్టుల నాయకత్వం కాలంల ఏం రాయాల్నమ్మా?" అన్న. నవ్వుకుంటనే అన్న. ధైర్యం రావాలెనని అన్న.

ఆమె పోయినంక విజేందర్ సారు సంతకానికొచ్చిండు. "మేడం, పంచుడు మంచిగనే ఉన్నది. కాని లొల్లి ఉన్న పని చిన్నపిల్ల పాలికొచ్చింది" అన్నడు. బీపీ అని తప్పించుకున్నోడు నాకు చెప్తుండు! సంతకం పెట్టి కాయిదం చేతికిచ్చిన.

19 నవంబర్

మల్లిక. ట్రాలీ రివర్స్ వస్తుంటె. రాయలేను.

20 నవంబర్, బుధవారం

మహబూబ్ నగర్ పెద్ద దవాఖాన బెంచీ మీద కూసోని రాస్తున్న.

అన్నం తిన్నంక పిల్లలు నల్లా కాడ ప్లేట్లు కడుగుతున్నరు. ట్రాక్టరోడు ట్రాలీని ఎనకకు తీసిండు. చిన్నపిల్లలు పక్కకు ఉరికిన్రు. మల్లిక కాలు వడ్ల మీద జారింది. చక్రం కుడి పాదం మీదికెళ్లి పోయింది. నేను అప్పుడు రూముల కూసోని కమిటీల పనితీరు మీద రిపోర్టు టైపు చేస్తున్న. అరుపు ఇనబడ్డది. అయినా లేవనీకి నాకు జరసేపు పట్టింది. ముందుగాల ఇది ఎవలు చూడాలె అని ఆలోచన వచ్చింది. ఛీ! గా ఆలోచన వచ్చింది నాకు.

నవనీత తన చున్నీ తోటి కాలు కట్టింది. కొల్లాపూర్ దవాఖానకు, ఆడికెళ్లి ఈడికి, అంత ఆమెనే తీస్కొచ్చింది. నేను ఎనక కార్ల వచ్చిన. పాదంల ఎముకలు నలిగినయి, ఆపరేషన్ చేసి రాడ్లు ఏసిన్రు. నడుస్తదట. మునుపటి లెక్క నడుస్తదా అంటే డాక్టర్ "చూద్దాం" అన్నడు.

సైదమ్మ నన్ను ఒక్క మాట తిట్టలే. తిట్టినా బాగుండు. "బడికి పంపితే నిమ్మలంగ ఉంటదనుకున్న మేడం" అని గోడకు ఒరిగి కూసున్నది. నేను ఆమె పక్కన కూసోలేకపోయిన.

21 నవంబర్, గురువారం

బడికి పోయిన. వడ్లు అట్లనే ఉన్నయి. నల్లా కాడ నేల మీద మట్టి పోసిన్రు.

ఇంక ఏదైతే అదైతదని దశరథ్ ను పిలిపిచ్చిన. బల్ల అంచు పట్టుకున్న. "రేపు పొద్దటికల్లా గ్రౌండ్ ఖాళీ కావాలె. ఇంక ఒక్క ట్రాక్టర్ గేటు దాటొద్దు" అన్న. ఆయన మీదికొస్తడని, ఏదన్న అంటడని ఎదురు చూసిన.

ఆయన రెండు చేతులు జోడిచ్చిండు. కండ్లు ఎర్రగున్నయి, నిద్రలేనట్టుంది. "సాయంత్రానికే తీస్తం మేడం. మీరు ముందుగాల ఒక్క మాట అంటె అప్పుడే తీసేటోళ్లం గద. ఆ చిన్న మేడం చెప్పింది, కాని పెద్ద మేడం ఏం అంటలేరంటె మీకు ఇష్టమే అనుకున్నం. పాత సారు ఎటు గీత గీస్తె అటే పోసేది, దాటేటోళ్లం కాదు."

సాయంత్రానికి నిజంగనే ఖాళీ అయింది. ఒక్క మాట. గంతే ఉండె. ఇన్ని దినాలు గంతే ఉండె.

24 నవంబర్, ఆదివారం

చర్చికి పోయిన. కండ్లు మూసుకుంటె ఏం అడగాల్నో తోచలే.

రేపు జిల్లా ఆఫీసు నుంచి విచారణకు వస్తరట. కృష్ణకాంత్ మూడుసార్లు ఫోన్ చేసిండు. "గ్రౌండ్ ఇంచార్జి ఎవరో రికార్డుల ఉన్నది గద. అడిగిందానికే జవాబు చెప్పు, ఎక్కువ మాట్లాడకు. సస్పెన్షన్ పడితే మళ్ల లేసుడు కష్టం" అన్నడు. నేను నిజమే చెప్పాలని అనుకుంటున్న. నవనీత నాకు చెప్పిందని చెప్పాలె. చెప్త. ఆ పిల్లకు ప్రొబేషన్, ఇప్పుడు దెబ్బ తగిలితే ఉద్యోగమే పోతది.

చెప్త.

25 నవంబర్, సోమవారం

చెప్పలే.

విచారణ సారు అందరిని నా రూములనే కూసోబెట్టిండు. "గ్రౌండ్ డ్యూటీ ఎవరిది?" అన్నడు. నేను నోరు తెరిచేలోపే నవనీత లేచింది.

"నాదే సార్."

"ట్రాక్టర్లు తిరుగుతున్నయని, ప్రమాదమని హెచ్ఎం గారికి చెప్పినవా?"

ఆమె నా దిక్కు చూడలే. కిటికీ దిక్కు గూడ చూడలే. ఆ సారు మొఖంలకే చూసుకుంట చెప్పింది.

"చెప్పలేదు సార్. నేనే చూస్కుంట అనుకున్న."

విజేందర్ సారు గట్టిగ దగ్గిండు. మంజులత మేడం కొంగుతోటి మొఖం తుడుసుకున్నది. అందరికి ఎరుకే. నా రూముకు ఆమె ఎన్నిసార్లు వచ్చిందో స్టాఫ్ రూముల ఉన్నోళ్లకు తెల్వదా? ఒక్కరు మాట్లాడలే, ఎందుకంటే నేను మాట్లాడలే. సారు ఆమెతోటి సంతకం పెట్టిచ్చుకోని, పెన్నుకు మూత పెట్టి లేచిండు. "కొత్త పిల్ల, పాపం. రిపోర్ట్ పంపుత" అనుకుంట జీపెక్కిండు.

కృష్ణకాంత్ కు ఫోన్ల చెప్తె "అమ్మయ్య" అన్నడు. నేను గూడ అన్న. ఇది ఎవ్వరు చూడరు కాబట్టి రాస్తున్న. నేను గూడ అమ్మయ్య అన్న.

ఆమెను అట్ల చెప్పుమని నేనేం అనలే గద.

26 నవంబర్, మంగళవారం

మూడో పీరియడ్ ఖాళీ ఉంటె నవనీతను పిలిచిన. తలుపు దగ్గరికేసిన.

"ఎందుకట్ల చెప్పినవే?"

ఆమె గోర్లు గిల్లుకుంటనే చెప్పింది. "నేను జాయినైన దినం మా అమ్మకు ఫోన్ చేసి చెప్పిన మేడం, మా హెచ్ఎం మనోళ్లే అని. మా అమ్మ స్పీకర్ పెట్టి పక్కింటోళ్లకు గూడ ఇనిపిచ్చింది. కూలికి పోయిన కాడ అందరికి చెప్పుకున్నదట. మీకేమన్న అయితే వీళ్లేమంటరు? వీళ్లకు కుర్చీలిస్తె గిట్లనే చేస్తరు అంటరు. నన్నైతే ఏమంటరు, కొత్త పిల్లకు తెల్వలే అంటరు. గంతే గద."

"నీ ఉద్యోగం పోతదే పిచ్చిదానా!"

"మళ్ల రాస్త మేడం పరీక్ష. నాకు వయసున్నది."

అని ఏడ్చింది. చిన్నపిల్ల లెక్క ముక్కు చీదుకుంట ఏడ్చింది. నేను లేచి దగ్గరికి తీసుకుందామనుకున్న. నాకు ఆ హక్కు లేదనిపిచ్చింది. నీళ్ల గ్లాసు ముంగట పెట్టిన.

నన్ను చూసి వాళ్లమ్మ అంత గొప్పగ చెప్పుకున్నదట. నన్ను చూసి!

28 నవంబర్, గురువారం

సెలవు పెట్టి నాగర్ కర్నూల్ పోయిన. కృష్ణకాంత్ కు చెప్పలే. విచారణ సారు ఆఫీసు ముంగట బెంచీ మీద కూసున్నంతసేపు లేచిపోదామా అనే అనుకున్న. ఒకసారి లేచి గేటు దాక పోయి మళ్ల వచ్చిన గూడ.

లోపలికి పిలిచిన్రు. "నవనీత నాకు రెండుసార్లు చెప్పింది సార్. నేనే పట్టించుకోలే. తప్పు నాది" అన్న. బస్సు ఎక్కినప్పటి నుంచి ఈ మూడు ముక్కలే నోట్ల తిప్పుకుంట వచ్చిన. అనేసిన. తేలికైత అనుకున్న.

సారు ఫైలు తెరిచి చూసిండు. "చెప్పలేదని ఆమె సంతకం చేసింది గద మేడం. అంటే విచారణల అబద్ధం చెప్పినట్టు. అది ఇంకా పెద్ద తప్పు. ఆ పిల్లకు రెండు కేసులైతయి. ఆలోచించుకోండి."

ఓర్నాయనో! గది నాకు తట్టనే లేదు. ఆమెను కాపాడుదామని వచ్చి ఇంకింత లోపలికి నూకుతున్నట్టయింది. సారు నా దిక్కు చూస్తుండు. గోడ మీద ఫ్యాన్ తిరుగుతుంది. ఆలోచించుకోనీకి కమిటీ లేదు, ఎవ్వరు లేరు.

"నేనే చెప్పొద్దన్న సార్" అన్న. "నా పేరు తీస్తే ప్రొబేషన్ రిపోర్టు పాడు చేస్తనని భయపెట్టిన. అందుకే అట్ల చెప్పింది."

సారు అద్దాలు తీసి బల్ల మీద పెట్టిండు. "గిది రాసిస్తె ఏమైతదో తెలుసా మీకు?"

"తెలుసు సార్. కాయిదం ఇయ్యున్రి."

రాసిచ్చిన, సంతకం పెట్టిన. బైటికొచ్చి బస్టాండుల చాయ్ తాగిన.

కొల్లాపూర్ బస్సుల కిటికీ పక్కన సీటు దొరికింది. ఇంత వయసొచ్చి, సర్కారు కాయిదం మీద పచ్చి అబద్ధం రాసిచ్చిన్ననుకుంట కూసున్న. ఆమెను నేను ఎన్నడు బెదిరియ్యలే గద, నా పేరు తీయొద్దని ఎన్నడు అనలే గద అనుకున్న. పెంట్లవెల్లి తొవ్వ మలుపు వచ్చేదాక గదే అనుకున్న. అప్పుడు మెల్లగ మొదటి నుంచి మతికి తెచ్చుకున్న. ఆ పిల్ల వచ్చినప్పుడల్లా నేను అన్నయేంది, నవ్వుకుంట అన్నయేంది, ఒక్కొక్కటి.

నేను రాసిచ్చిన దాంట్ల అబద్ధం ఒక్క ముక్క లేదు.